ముందునుంచీ ఉన్నవి

చూళైలో ఇస్త్రీ కొట్టు మీది గదిలో
మోహనరంగం నా ముందు నాలుగు పాలసీలు పరిచాడు,
పేకముక్కల్లా.
ఫ్యానుగాలికి ఎగురుతుంటే
నా మందుల డబ్బానే తీసి వాటిమీద బరువు పెట్టాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు హార్బర్లో బిల్లులు రాశాను.
ఏ ఓడ ఎన్ని టన్నుల ఎరువు దించిందో,
ఏది బెర్తు దొరక్క ఎన్నాళ్ళు బయట లంగరేసుకుందో
ఇప్పటికీ నోటికొచ్చు.
ఒక్కదాని మెట్లూ ఎక్కలేదు.
ఇన్నాళ్ళకి హంసవేణీ నేనూ టికెట్లు కొన్నాం:
ట్రింకోమలీ దాకా వెళ్ళొచ్చే తెల్ల ఓడ,
ఐదు రాత్రులు, కిటికీ ఉన్న గది.

"ముందునుంచీ ఉన్న జబ్బులేమైనా?"
పెన్ను మూత తీసి అడిగాడు రంగం.

ముందు అంటే ఎంత ముందు?
చక్కెర మా నాయనది.
అప్పులవాళ్ళు పట్టుకుపోకుండా మిగిలిన ఆస్తి అదొక్కటే.
బీపీ, లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చిన ఏడు మొదలైంది.
గుండెలో స్ప్రింగు రెండేళ్ళ కిందట, స్టాన్లీలో.
బాల్‌పెన్నులో ఉంటుందే, దానికన్నా చిన్నదట.
మోకాళ్ళు రాస్తావా?
రాత్రి మూడింటికి ఊరికే లేచి కూర్చోవడం
ఏ గడిలోకి వస్తుంది?

"స్టెంటూ షుగరూ బీపీ చాలండి" అన్నాడు.

ఇంతలో హంసవేణి ఫోను:
"ఏమీ లేదని రాసెయ్యవే.
ఓడవాడేమన్నా నీ గుండె విప్పి చూస్తాడా?"

ఒక్క బస్తా తక్కువ రాశారని
సరుకు మొత్తం గోదాములో ఆపించినదాన్ని.
నా సరుకు నేనే దాచిపెట్టి
ఏ గేటు దాటించను?

మొదటిది చవక. అందులో నా గుండె లేదు.
రెండోదాంట్లో ఉంది, కానీ నేల మీదున్నంతసేపే.
నడిసముద్రంలో నొప్పొస్తే
హెలికాప్టరు వచ్చి తీసుకెళ్ళేది మూడోది.
ఖరీదు చూసి నీళ్ళు అడిగాను.
నాలుగోదాంట్లో అక్షరాలు ఆవాలంత.
రంగమూ చదవలేదని మొహంలోనే తెలుస్తోంది.

మూడోదే ఇవ్వు అన్నాను.
దానికింద ఒక మెలిక:
ఓడెక్కే నాటికి తొంభై రోజులుగా
ఏ మందులోనూ మార్పు ఉండకూడదు.

గబగబా వేళ్ళమీద లెక్కేశాను.
డాక్టర్ జోస్ఫిన్ బీపీ మాత్ర సగం చేసింది, పోయిన నెల మొదట్లో.
ఓడ కదిలేనాటికి ఎనభై ఏడు.
"తగ్గించింది కదా నాయనా, నయమైందనే కదా?"
"నయమైనా మార్పే కదండీ" అన్నాడు,
తప్పు తనదైనట్టు తల దించుకుని.

ఒళ్ళు బాగుపడినందుకు జుల్మానా
హార్బర్లో కూడా వినలేదు.

మూడు రోజులు.
మూడు రోజులు ఓడని ఆపమనలేం.
నేనే వెనక్కి జరిగాను:
పదకొండు రోజుల తరవాత ఇంకొకటుంది,
కిటికీ గదులు అయిపోయాయి,
ఓడ కడుపులో, లిఫ్టు పక్కన ఒకటి మిగిలింది.

హంసవేణి కాసేపు మాట్లాడలేదు.
ప్రెషర్ కుక్కర్ విజిల్ వినిపించింది, రెండు.
"కిటికీ లేకపోతే ఓడెందుకే,
చూళైలో ఫ్యాను కింద పడుకుంటే పోదా" అంది.
మళ్ళీ తనే,
"సరేలే. పొద్దస్తమానం పైనే కూర్చుందాం.
చేగోడీలు తెస్తాను. నువ్వు మూడు తినాలి, అంతే."

ఆఖరి కాగితంలో నామినీ పేరు.
హంసవేణి అని రాశాను.
సంబంధం అన్న గడిలో
చెయ్యి తనంతట తనే రాసేసింది:
పక్క టేబులు.

రంగం నవ్వకుండా దాన్ని కొట్టేసి
స్నేహితురాలు అని దిద్దాడు.
కాగితం నావైపు తిప్పాడు.
దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం పెట్టాలి,
అది ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.
పెట్టాను.